వెలుగును వశపఱచుకొనిన రాజా దీన్‌దయాళ్

గుంటూరు, ప్రకాశం మండలముల పల్లెలలో ఏ పాతయింటి చావడిలో అడుగుపెట్టినను, ద్వారబంధమునకు పైన గోడకు వ్రేలాడదీసి ముందునకు వాల్చిన పటములు కొన్ని కనబడును. వానిలో ఒకటి ఇలవేలుపుది, ఒకటి గాంధీమహాత్మునిది, ఒకటి ఆ యింటివారి కుటుంబచిత్రము. కుర్చీలలో తాతయు నాయనమ్మయు, వెనుకవరుసలో కొడుకులు కోడండ్రు, ముందు చాపపై పిల్లలు. ఆ చిత్రమును తీసినవాని పేరు ఇంటిలో ఎవరికిని జ్ఞాపకముండదు. కాని ఆ నాయనమ్మ కన్నులు నీడలో మునిగిపోక నేటికిని మనలను చూచుచున్నట్లుండుటకు కారణము, ఆనాడు ఆమె ముఖముపై పడిన వెలుతురు. దానిని తెఱతో మెత్తపఱచి, కావలసిన వైపునుండి కావలసినంత మాత్రమే పంపినవాడు ఆ పేరు తెలియని కళాకారుడే. ఇట్టి కళాకారులందఱకు పెద్దదిక్కుగా చెప్పదగినవాడు, ఆఱవ నిజాము ఆస్థానమున ఛాయాచిత్రకారుడై వెలసిన రాజా దీన్‌దయాళ్.

దీన్‌దయాళ్ జన్మతః తెలుగువాడు కాడు. 1844వ సంవత్సరమున మీరటు నగరమునకు సమీపమునగల సర్ధనా పట్టణమున, రత్నవర్తకము చేయు జైనకుటుంబమున ఆయన జన్మించెను. రత్నముయొక్క వెల దానిని వెలుతురులో ఇటునటు త్రిప్పి చూచినగాని తెలియదు. ఒక కోణమున కాంతి సోకినచో రాయి నవ్వును. మఱియొక కోణమున మూగవోవును. వెలుతురును బట్టి వస్తువు మాఱునన్న పాఠమును తెలిసికొనుటకు ఇంతకంటె తగిన కుటుంబము వేఱొకటి ఉండదు. పిమ్మట ఆయన రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరునందు ప్రజాపనుల శాఖలో అంచనాలు వేయుటకును నక్షాలు గీయుటకును ఉద్యోగిగా ప్రవేశించెను. అక్కడ కొలత తప్పని గీత, నిటారైన నిలువు, సరియైన పాళ్లు నిత్యకృత్యము. ఆయన తీసిన చిత్రములలో స్తంభములు వాలక, జనుల వరుసలు చెదరక నిలుచుటకు ఈ శిక్షణయే పునాది యని చెప్పవచ్చును.

1874లో, ముప్పది యేండ్ల వయస్సున, దీన్‌దయాళ్ కెమెరా చేపట్టెను. ఆ దినములలో ఛాయాచిత్రణము తీఱుబడి వినోదము కాదు. గాజుపలకపై కొలోడియన్ ద్రవమును పూసి, వెండిలవణపు నీటిలో ముంచి, తడి ఆఱకముందే చిత్రము తీసి, వెంటనే చీకటిలో రసాయనములతో దానిని వెలికి తీయవలెను. మన వేసవిలో ఆ తడి ఎంతసేపు నిలుచును? ఒక్క నిమిషము ఆలస్యమైనను పలక పనికిరాకపోవును. దాపున చీకటిగుడారము, బరువైన పెట్టెలు, మోయుటకు మనుష్యులు ఉండవలెను. ఇంత శ్రమను ఉద్యోగము చేయుచునే ఆయన భరించెను. ఇండోరు ప్రభువు రెండవ తుకోజీరావు హోల్కరును, ఆంగ్లాధికారి సర్ హెన్రీ డేలీయు ఆయనను ప్రోత్సహించిరి. 1875-76లో మనదేశమునకు వచ్చిన వేల్సు యువరాజు పర్యటనమును చిత్రించు అవకాశము లభించెను. తరువాత సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి బుందేల్‌ఖండు మొదలగు ప్రాంతములు తిరిగి కోటలను, దేవాలయములను ఛాయాచిత్రములుగా తీసెను. మధ్యభారతమునందలి ప్రసిద్ధ కట్టడములను గూర్చి గ్రిఫిన్ 1886లో వెలువరించిన గ్రంథమునకు ఆ చిత్రములే ప్రాణము.

ఆయన జీవితమును తెలుగునేలతో ముడివేసిన సంవత్సరము 1885. ఆ యేట ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను తన ఆస్థాన ఛాయాచిత్రకారునిగా స్వీకరించెను. రాజప్రతినిధి డఫరిన్ ప్రభువునకు ఛాయాచిత్రకారుడను గౌరవమును ఆ కాలముననే దక్కెను. కొలదికాలమునకు దీన్‌దయాళ్ ప్రభుత్వోద్యోగమును విడిచి, సికింద్రాబాదున తన ఛాయాచిత్రశాలను స్థాపించి, కళకే పూర్తిగా అంకితమయ్యెను. 1889లో నిజాము రైలుమార్గము సికింద్రాబాదు నుండి బెజవాడ వరకు సాగి, కృష్ణాతీరమును దక్కను పీఠభూమితో కలిపెను. ఆ నూతన యుగమునకు సాక్షిగా దీన్‌దయాళ్ కెమెరా నిలిచినది. చౌమహల్లా, ఫలక్‌నుమా మహళ్లు, దర్బారులు, సైనికుల కవాతులు, వేటవిడుదులు, విందులు అన్నియు ఆ గాజుపలకలపైకి ఎక్కినవి.

అయినను ఛాయాచిత్రకారుని నేర్పునకు అసలైన పరీక్ష మహళ్లు కావు, మనుష్యులు. మహలు కదలదు, దానికి తగిన ఎండకొఱకు ఉదయమునుండి సాయంకాలము వరకు వేచియుండవచ్చును. కుటుంబమట్లు వేచియుండదు. పసివాడు ఏడ్చును, ముసలితాత అలసిపోవును, పెండ్లికూతురు సిగ్గుతో తలవంచును. వారందఱి ముఖములపై వెలుతురు ఒక్క రీతిగా, ఒక్క క్షణమున, నొప్పింపక పడవలెను. ఈ పనికొఱకే నాటి ఛాయాచిత్రశాలల కట్టుబడి ప్రత్యేకముగా ఉండెడిది.

విద్యుద్దీపములు వ్యాప్తికి రాని ఆ కాలమున సూర్యుడే దీపము. శాలకు ఉత్తరపు ప్రక్కను, పైకప్పులో కొంత భాగమును గాజుపలకలు అమర్చెడివారు. ఉత్తరమే ఏల? మనదేశమున సంవత్సరములో చాలకాలము సూర్యుడు దక్షిణమునకు ఒఱగియుండును గనుక, ఉత్తరపు గాజునుండి ఎండ నేరుగా లోనికి చొఱబడదు. ఆకాశమంతటను వ్యాపించిన మెత్తని వెలుగు మాత్రమే వచ్చును. అయితే దక్కనున ఎండకాలపు నడుమ కొన్ని వారములు సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరమునకు జరుగును. అప్పుడు గాజుకు సున్నపుపూత పూసి, లోపల త్రాళ్లతో లాగుటకు వీలైన పల్చని గుడ్డతెఱలు కట్టి, ఎండను వడగట్టవలసియుండెను. కూర్చున్నవారికి వెలుతురు సోకని రెండవ ప్రక్కన తెల్లని గుడ్డ బిగించిన చట్రమును నిలిపెడివారు. గాజునుండి వచ్చిన వెలుతురు ఆ గుడ్డపై పడి, తిరిగి చెంపపైకి మళ్లి, నీడను పలుచన చేయును. గాజు, సున్నము, తెల్లగుడ్డ, త్రాడు, చట్రము: నాటి ఛాయాచిత్రకారుని వెలుతురు సామగ్రి యావత్తు ఇంతే. కటకము విదేశమునుండి రావలెను, పలక కొనవలెను, రసాయనములకు ధనము వెచ్చింపవలెను. కాని ముఖమునకు జీవము పోసిన పరికరములు మాత్రము వడ్రంగియు, నేతగాడును, సున్నపుబట్టీవాడును ఇచ్చినవే.

ఈ సామాన్య పరికరముల వెనుకనున్న శాస్త్రమును విద్యార్థులు గ్రహింపదగును. వెలుతురు మెత్తనగుట దాని బలమును బట్టి కాదు, వెడల్పును బట్టి. చిన్న దీపము ముఖమునకు దూరముగానున్నచో ముక్కునీడ కత్తితో కోసినట్లు పడును. ఆ వెలుతురునే పెద్ద తెఱపై పఱచి, ఆ తెఱను ముఖమునకు దగ్గఱగా తెచ్చినచో, కిరణములు అనేక దిశలనుండి చుట్టుముట్టి నీడ అంచులను కరగించును. సూర్యుడు ఎంత మహత్తరుడైనను మన కంటికి చిన్న బిళ్ల; అందుచేతనే నడిమధ్యాహ్నపు ఎండలో ముఖములు కఠినముగా కనబడును. మబ్బు అడ్డుపడగానే ఆకాశమే దీపమగును, ముఖములు మృదువగును. నగలు, జరీ, కండ్లద్దములు ధరించిన మన కుటుంబముల విషయమున ఈ భేదము మఱింత స్పష్టము. చిన్న దీపము కాసులపేరుపై చుఱుక్కుమను చుక్కలుగా మెఱయును. వెడల్పైన తెఱ అదే బంగారముపై నిండైన నిగారింపుగా వాలును. రత్నవర్తకుల యింట పుట్టినవాని చిత్రములలో ప్రభువుల హారములు ముఖమును మ్రింగివేయక ముఖమునకే శోభ గూర్చుట ఇందుకు నిదర్శనము.

దీన్‌దయాళ్ జీవితమున మనము విశేషముగా స్మరింపవలసిన కార్యము 1892లో జరిగినది. ఆ యేట ఆయన హైదరాబాదున స్త్రీలకొఱకై ప్రత్యేకముగా ఒక ఛాయాచిత్రశాలను నెలకొల్పెను. ఘోషా పాటించు ఇండ్ల స్త్రీలు పరపురుషుని యెదుట ముసుగు తీసి కూర్చుండుట ఆ కాలమున ఊహింపరాని మాట. అందువలన ఆ కుటుంబముల చిత్రములలో తండ్రి కనబడును, కొడుకులు కనబడుదురు, అన్నదమ్ములు కనబడుదురు; తల్లి మాత్రము కనబడదు. ఆమె మరణించిన పిమ్మట మనుమలకు నాయనమ్మ ముఖము ఎట్లుండెనో చెప్పుటకు మాటలే గాని ఆధారముండదు. సగము కుటుంబము లేని కుటుంబచిత్రమది. ఈ లోపమును దీన్‌దయాళ్ గుర్తించెను. చుట్టును ఎత్తైన గోడలు కట్టించి, కెన్నీ-లెవిక్ అను ఆంగ్లమహిళను ఆ శాలకు అధికారిణిగా నియమించి, లోపల పనిచేయువారందఱును స్త్రీలే యగునట్లు ఏర్పాటు చేసెను. ఆచారమును ధిక్కరింపుమని ఆయన ఎవరిని కోరలేదు. ఆచారమునకు లోబడియే స్త్రీలు తమ రూపమును నిలుపుకొనుటకు మార్గము చూపెను.

ఇట్టి శాలలో వెలుతురు సమస్య ఎంత సున్నితమైనదో ఆలోచింపుడు. గోడలు ఎత్తుచేసినకొలది బయటివారి చూపులతోపాటు ప్రక్కనుండి రావలసిన వెలుతురు కూడ ఆగిపోవును. అప్పుడు ఆకాశము నుండి దిగివచ్చు వెలుతురే శరణ్యము. అది నేరుగా తలపై పడినచో కనుబొమల నీడ కన్నులను కప్పును, ముక్కునీడ పెదవులపై వ్రాలును. దానికి విరుగుడు వెనుక చెప్పిన తెల్లని తెఱయే. పైనుండి వచ్చు వెలుగును కొంత ముందుకు మళ్లించి, ఒడికి దగ్గఱగా మఱియొక తెల్లగుడ్డను పఱచినచో, క్రిందినుండి లేచిన పలుచని వెలుగు కన్నులను తెఱపించును. చూపులను అడ్డగించు గోడయు, వెలుతురును అడ్డగింపని కప్పును ఒక్కచోట కూడుట స్త్రీల ఛాయాచిత్రశాలకు మూలసూత్రము.

ఇదే కాలమున పాశ్చాత్యదేశములలో కృత్రిమమైన మెఱుపువెలుగు పుట్టినది. 1887లో జర్మనీదేశమున మీతే, గేడికె అను ఇరువురు శాస్త్రజ్ఞులు మెగ్నీషియం పొడిని ఇతర రసాయనములతో కలిపి మండించి, క్షణకాలము కన్నులు మిఱుమిట్లు గొలుపు వెలుగును సాధించిరి. చీకటిగదిలో సైతము చిత్రము తీయుట దానితో సాధ్యమయ్యెను. కాని ఆ పొడి పెద్దగా ప్రేలి, గదినిండ పొగ క్రమ్మి, ఒక్కొక్కప్పుడు చేతులను కాల్చెడిది. అన్నిటికి మించి ఆ వెలుగు నగ్నమైనది. తెఱ లేక ముఖముపై పడుటచే చెంపలు సున్నము కొట్టినట్లును, వెనుక గోడపై నీడలు బొగ్గుతో గీచినట్లును కనబడెను. 1930 ప్రాంతమున గాజుబల్బులో మండు ఫ్లాష్ వచ్చినది; తరువాత హెరాల్డ్ ఎడ్జర్టన్ కృషివలన విద్యుత్తుతో మెఱయు ఎలెక్ట్రానిక్ ఫ్లాష్ వచ్చి, నేడది అఱచేతిలో ఇముడుచున్నది. పొగ పోయినది, ప్రమాదము తగ్గినది. కాని తెఱ లేని వెలుగుయొక్క కాఠిన్యము మాత్రము పోలేదు. కెమెరాపై నిలిపిన చిన్న ఫ్లాష్‌ను నేరుగా పెండ్లికూతురు ముఖముపై మెఱయించినచో, నూటముప్పది యేండ్లనాటి మెగ్నీషియం పొడి చేసిన తప్పే మఱల జరుగును.

కావున నేటి ఛాయాచిత్రకారుడు దీన్‌దయాళ్ కాలపు ఉత్తరపుగాజును మఱియొక రూపమున తెచ్చుకొనవలెను. అందుకు అధిక ధనము అక్కఱలేదు. ఒక లైటు స్టాండు, ఫ్లాష్‌ను బిగించు చిన్న పట్టు, ఒక తెల్లని గొడుగు చాలును. ఫ్లాష్ వెలుగు గొడుగు గుడ్డగుండ వడకట్టబడి వెడల్పై ముఖములను చేరును. నాలుగు పలకల పెట్టెవలె నుండు సాఫ్ట్‌బాక్సు ఖరీదెక్కువ. అది వెలుగును అటునిటు చిందనీయక ఒకచోటికే పంపును గనుక ఒంటరి చిత్రమునకు మేలు. గొడుగు చవుక, వెలుగును నలుదెసల చిందించును గనుక పదిమంది కుటుంబమునకు అదియే మేలు. ఇక్కడ చవుకదనమే గుణమైనది. రెండవ ప్రక్కన నీడ తీర్చుటకు ఒక థర్మోకోల్ పలకయో, చట్రమునకు బిగించిన చీరాల తెల్లగుడ్డయో నిలిపినచో దీన్‌దయాళ్ కాలపు శాల యింటిలో వెలసినట్లే.

అయితే కొలత తెలియవలెను. దీపమునుండి దూరము రెండింతలైనచో వెలుతురు సగము కాదు, నాల్గవవంతు మాత్రమే అగును. గొడుగును వరుసకు చివరనున్న తాతకు 3 అడుగుల దూరమున నిలిపినచో, 6 అడుగుల దూరమునగల మనుమనికి చేరునది తాతకు చేరినదానిలో నాల్గవవంతే. తాత తెల్లబోవును, మనుమడు చీకటిలో మునుగును. అదే గొడుగును తాతకు 9 అడుగులు, మనుమనికి 12 అడుగులు ఉండునట్లు వెనుకకు జరిపినచో, మనుమనికి తాత వెలుగులో సగమునకు పైగా దక్కును. కాని దూరమైనకొలది గొడుగు చిన్నదై నీడలు గట్టిపడును గనుక, కుటుంబమునకు చిన్న గొడుగు కంటె పెద్ద గొడుగు కొనుట వివేకము. ఇంటిలోని తెల్లని కప్పుపైకి ఫ్లాష్‌ను త్రిప్పినచో కప్పే పెద్ద తెఱ యగును. దానికి వెల లేదు. కాని కప్పునకు, గోడలకు ఆకుపచ్చనో నీలమో పూసియున్నచో ఆ రంగు ముఖములకు అంటును.

ఈ రంగు అంటుటను గుంటూరు సీమవారు కన్నులార చూడవచ్చును. మిరపకోతల కాలమున కల్లములలో ఎఱ్ఱని కాయలు తివాచీలవలె పఱచియుండును. ఆ కల్లము నడుమ నిలిచిన రైతుకుటుంబమును ఎండలో చిత్రించినచో గెడ్డముల క్రింద, తెల్లపంచెల అంచున ఎఱ్ఱని ఛాయ ప్రాకును. నేలనుండి లేచిన వెలుగు మిరపకాయల రంగును మోసికొని వచ్చుటయే దానికి కారణము. అదే కుటుంబమును ఒక చెట్టునీడకు చేర్చి, పాదముల ముందు తెల్లని దుప్పటి పఱచినచో ముఖములు తేటవడును. ఒకే పొలముగట్టున మిరప ఎఱ్ఱని దర్పణమై, ప్రత్తినుండి పుట్టిన గుడ్డ తెల్లని దర్పణమై పాఠము చెప్పుచుండ, వెలుతురు శాస్త్రమునకు వేఱు ప్రయోగశాల ఏల? కల్లమున గాలి విసరును గనుక గొడుగు స్టాండు కాళ్లకు ఇసుకసంచి కట్టుట మాత్రము మఱువరాదు.

దీన్‌దయాళ్ కీర్తి 1890వ దశాబ్దమున శిఖరమునంటినది. 1893లో అమెరికాలోని చికాగో నగరమున జరిగిన ప్రపంచప్రదర్శనమున ఆయన చిత్రములు బహుమానమందెను. 1894లో నిజాము ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అను బిరుదమిచ్చి సత్కరించెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు; ఖడ్గము పట్టినవారికి చెల్లు జంగ్ పదము కెమెరా పట్టినవానికి దక్కుట అపూర్వము. విక్టోరియా రాణి కూడ ఆయనను తన ఛాయాచిత్రకారునిగా గుర్తించెను. 1896లో బొంబాయి నగరమున మఱియొక శాల తెఱవబడెను. జ్ఞానచంద్, ధరమ్‌చంద్ అను కుమారులిరువురు తండ్రికి కుడియెడమ భుజములైరి. ప్రభువుల విందులను చూపిన ఆ కెమెరాయే దక్కనున క్షామసమయమున ఆకలిగొన్నవారికి జరిగిన సహాయకార్యములను కూడ చూపెను. రాజు ముఖమునకును, గంజికొఱకు వేచిన కూలివాని ముఖమునకును ఆకాశపు వెలుతురు ఒక్కటే గదా.

చివరి దినములు శోకమయములు. 1904లో ధరమ్‌చంద్ అకాలమరణము నందెను. ఆ దెబ్బనుండి తండ్రి తేఱుకొనలేదు. 1905 జూలై 5వ తేదీన దీన్‌దయాళ్ బొంబాయిలో కన్నుమూసెను. జ్ఞానచంద్ కొంతకాలము సంస్థను నడిపెను. బొంబాయి శాల మూతపడినది, సికింద్రాబాదు శాల వైభవము క్రమముగా తగ్గినది. కాని గాజుపలకలు మిగిలినవి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 2,857 గాజు నెగెటివులను సేకరించి భద్రపఱచినది. 2006లో భారత తపాలాశాఖ ఆయన స్మృతిచిహ్నముగా తపాలాబిళ్లను వెలువరించినది.

దర్బారులు పోయినవి, జంగులు నవాబులు పోయిరి, సంస్థానము 1948లో భారతదేశమున విలీనమైనది. ఆ గాజుపలకలపై ముఖములు మాత్రము చెక్కుచెదరలేదు. దీన్‌దయాళ్ వాడిన తడిపలకను నేడెవరును వాడరు, బరువైన కెమెరా పెట్టెను ఎవరును మోయరు. యంత్రములు తరమునకొక్కటి మాఱును. మాఱనిది ముఖము, మాఱనిది ఆ ముఖముపై వెలుతురు ఎట్లు పడవలెనను వివేకము. అప్పుచేసి గొప్ప ఫ్లాష్ కొనిన యువకుడు తెఱ విలువ నెఱుగనిచో నాయనమ్మ కన్నులను చీకటిలో పడవేయును. నాలుగు గజముల తెల్లగుడ్డతో, తెలిసిన చేతితో పనిచేయువాడు ఆమెను మునిమనుమల కాలము వరకు బ్రదికించును. గోడల చాటున దాగిన తల్లులకు కూడ కుటుంబచిత్రమున చోటు కల్పించిన రాజా దీన్‌దయాళ్ జీవితము ఆ చేతికి ఒజ్జబంతి.